గొల్లకావడి కింద మబ్బు

మొన్న జగిత్యాలలో మా తమ్ముడి కొడుకు వంశీ ఆకాశం ఫోటోల ప్రదర్శన పెట్టాడు. ముహూర్తాలు లేని రోజు చూసుకుని ఫంక్షన్ హాలు మాట్లాడారు. గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో వాడి నిలువెత్తు బొమ్మ, వెనక ఆకాశం. ఆకాశం ఎంతుందో వాడూ అంతే ఉన్నాడు. ముఖ్య అతిథిని నేను. నాలుగు కథల పుస్తకాలు వేసుకున్న పాపానికి, మా వాళ్లకు ఎక్కడ దీపం వెలిగించాల్సి వచ్చినా నేనే గుర్తొస్తాను. దీపం వెలిగించాను, శాలువా కప్పించుకున్నాను, మైకు పట్టుకుని రెండు అబద్ధాలు చెప్పాను, ఆ తర్వాత గోడల వెంట నడుస్తూ బొమ్మలు చూశాను. అన్నీ నిహారికలూ నిండు చందమామలూ. గులాబీ, నీలం, ఊదా, పసుపు. పెళ్లి చీరలు మడతలు విప్పి వేలాడదీసినట్టు ఉంది హాలంతా. ఇన్ని రంగులు నిజంగానే అక్కడ ఉంటాయా అని అడిగితే, కంటికి అట్లా కనబడవు అత్తా, కొన్ని నేనే దిద్దాను అన్నాడు. ఎట్లా తీశావంటే అదీ చెప్పాడు. మిద్దె మీద డబ్బాలాంటి యంత్రం ఒకటి పెడతాడట. ఫోన్‌లో నిహారిక పేరు నొక్కితే ఆ డబ్బా తనంతట తానే తిరిగి, వెతికి, ఫోటోలు తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఇస్తుందట. అంతసేపూ వీడు కింద గదిలో దుప్పటి కప్పుకుని క్రికెట్ చూస్తాడట. మరి ఫ్లెక్సీ మీద ఆ డబ్బా బొమ్మ వేయాలి గానీ నీ బొమ్మ ఎందుకురా అందామనుకుని, శాలువా మొహమాటానికి ఊరుకున్నాను.

చందమామల్లో ఒకటి ఫోన్‌తోనే తీశాడు. కోరుట్ల వెళ్లి వస్తూ కారు ఆపి తీశాడట. ఆ సాయంత్రం మబ్బు పట్టి చందమామ సరిగ్గా కనబడనేలేదని వాడే అన్నాడు. ఫోటోలో మాత్రం గుంటలతో, మచ్చలతో, ఎవరో దగ్గర కూర్చుని చెక్కినట్టుంది. అదెట్లా అంటే నవ్వాడు. చందమామ ఎట్లా ఉంటుందో ఫోన్‌కు ముందే తెలుసట, మనకు కనబడకపోయినా అదే నింపేస్తుందట. ఇది చెప్పేటప్పుడు వాడి ముఖంలో సిగ్గన్నది లేదు. పక్కన నిలబడ్డ పెద్దమనుషులు ఆహా అన్నారు. లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తే ఆహా అనడం మా ఇంట్లో కొత్త కాదు. మా బాపు, అంటే మా నాన్న, బతికినంతకాలం అదే అన్నం తిన్నాడు. కాకపోతే ఆయన రోజుల్లో ఆ పని చేయడానికి ఒక మనిషి కళ్లు పోగొట్టుకోవాల్సి వచ్చేది.

వరసలో చివరి బొమ్మ దగ్గర నా కాళ్లు ఆగాయి. గొల్లకావడి. ఒకే గీత మీద కూర్చున్న మూడు చుక్కలు, వాటి కింద వేలాడే మరో మూడు చిన్న చుక్కలు, ఆ చిన్నవాటి నడుమ పువ్వులా విచ్చుకున్న మబ్బు. వంశీ దాని కింద ఇంగ్లీషులో ఏదో రాశాడు. నేను చదవలేదు. చిన్నబాపు ఇది చూశాడా అని మా తమ్ముణ్ని అడిగాను. వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, "ఆయన్ని పిలువలేదక్కా. పిలిస్తె అందరు మల్ల గా మబ్బు ముచ్చటే తీస్తరు. నలుగుర్ల నవ్వులపాలైతం" అన్నాడు. ప్రదర్శన నిండా మబ్బుల బొమ్మలే. మబ్బు ముచ్చట వస్తే నవ్వులపాలయ్యే మనిషి మాత్రం ఒకడున్నాడు, అతను మా నాన్న సొంత తమ్ముడు. దీపం వెలిగించిన చేత్తోనే ఒకటి అంటించాలనిపించింది తమ్ముడికి. వాడికీ అరవై దాటాయి కాబట్టి వదిలేశాను.

చిన్నబాపు సిరిసిల్లలో హైస్కూలు సైన్సు పంతులుగా చేసి రిటైరయ్యాడు. ఆయన అసలు పేరు ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. పోస్టుమాన్‌కు కూడా 'మబ్బు సార్' అంటేనే తెలుస్తుంది. మా వైపు మబ్బు అంటే ఆకాశంలో పట్టే మబ్బే కాదు, తెల్లారక ముందటి చీకటినీ మబ్బే అంటాం, మనిషి మొద్దయితే వాణ్నీ మబ్బనే అంటాం. ఆ పేరు మొదట పెట్టినవాడు ఏ అర్థంతో పెట్టాడో కానీ, దాన్ని నలభై ఏళ్లకు పైగా వాడినవాళ్లు మాత్రం చివరి అర్థంతోనే వాడారు. ఆ పేరు పుట్టింది సిరిసిల్ల బడిలో అయినా, దాని విత్తనం పడింది కోరుట్లలో మా ఇంట్లోనే.

మాది మగ్గం మీద బతికిన ఇల్లు. తాత సిరిసిల్లలో నేశాడు. పెద్దకొడుకైన మా బాపుకు మగ్గం గుంటలో కాళ్లు పెట్టడం నామోషీ అయి, కోరుట్ల వచ్చి ఫోటో స్టూడియో తెరిచాడు. ముందు గది స్టూడియో, వెనక ఇల్లు, మెట్ల కింద చీకటి గది. ఫోటోలు కడిగే హైపో వాసన మా ఇంట్లో పప్పుకూ పట్టేది, పరుపుకూ పట్టేది. బడిలో నా పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు ఎగబీల్చి, మీ ఇంట్ల ఏం వండుతరు అని అడిగేవాళ్లు. బాపు తలకు మల్లెనూనె రాసి, మెడకు రుమాలు చుట్టి, తాను పెద్ద కళాకారుడనని గట్టిగా నమ్మేవాడు. పొద్దున ఆయన టిఫిను అయ్యేదాకా ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు, మధ్యాహ్నం రేడియో పెట్టుకుని గురక పెడుతుంటే రేడియో ఆపకూడదు. స్టూడియోలో మాకొక సొంత చందమామ ఉండేది. చెక్కతో కోసి వెండిరంగు పూసిన నెలవంక. దాని మీద గుండు చేయించిన పిల్లల్నీ, కొత్త జంటల్నీ కూర్చోబెట్టి, కదలకుండ్రి కదలకుండ్రి అని గద్దించి ఫోటో తీసేవాడు. ఏడ్చే పిల్లాడు కూడా ఆ గద్దింపుకు నోరు మూసేవాడు. ఫోటోలో అది నవ్వులా కనబడేది.

అసలు కళ వెనక గదిలో ఉండేది. అమ్మను మేము అవ్వ అంటాం. అన్నాలయ్యాక గిన్నెలు తోమి, చేతులు మూడుసార్లు కడుక్కుని, కిటికీ ముందు వాలుబల్ల పెట్టుకుని కూర్చునేది అవ్వ. బల్లకు నడుమ అద్దం, అద్దం మీద నెగెటివ్, కింద నుంచి వెలుగు. పెన్సిలు మొనను గరుకు కాగితం మీద సూదిలా అరగదీసి, ఊపిరి బిగబట్టి, ఎవరిదో ముఖం మీది నల్లమచ్చను చుక్కలు చుక్కలుగా పూడ్చేది. నెగెటివ్‌లో అంతా తలకిందులు కదా, నల్లమచ్చ అక్కడ తెల్లగా ఉంటుంది, పెన్సిలుతో నింపితే ఫోటోలో మాయమవుతుంది. అదే బొల్లి మచ్చలాంటి తెల్లదైతే నెగెటివ్‌లో నల్లగా ఉంటుంది. దాన్ని పెన్సిలు ఏమీ చేయలేదు. వెదురుపుల్లకు కట్టిన బ్లేడు ముక్కతో పైపూత గీకేయాలి. పెన్సిలు పని నచ్చకపోతే తుడిచేయవచ్చు. గీకింది మాత్రం మళ్లీ రాదు. బాపు స్టూడియోలో నుంచే "సాఫ్ జెయ్యి" అని ఒక కేక వేసేవాడు. అంతే ఆయన ఆజ్ఞ. ఏది తీయాలో ఏది ఉంచాలో చెప్పేంత తీరిక కళాకారుడికి ఉండేది కాదు. పెళ్లిచూపులకు పంపే ఫోటోలు నూరూళ్ల నుంచి మా ఇంటికే వచ్చేవి, అన్నీ సాఫ్ అయి వెళ్లేవి. చేసేది అవ్వ. పేరు మాత్రం బాపుది. మరో మాట కూడా చెప్పాలి. అవ్వ ముఖం నిండా చిన్నప్పటి అమ్మవారి గుంటలుండేవి. ఆమెకున్న ఒక్కగానొక్క ఫోటోను బాపు మాట మీద ఆమే సాఫ్ చేసుకుంది. ఇప్పుడు తమ్ముడి ఇంట్లో దండ వేసి ఉన్నది ఆ ఫోటోనే. అందులో ఎవరో నున్నటి ఆడమనిషి ఉంది. నేను ఆ గోడ వైపు చూడను.

శనివారాల్లో చిన్నబాపు సిరిసిల్ల నుంచి బస్సులో దిగేవాడు. మనిషి బక్కపలచన, మాట మాత్రం వాగు. గుమ్మంలో చెప్పులు విడవక ముందే మొదలుపెట్టి, రాత్రి మంచమెక్కేదాకా భూమి ఎట్లా తిరుగుతుందో, శని చుట్టూ పళ్లెం ఎందుకుందో చెబుతూనే ఉండేవాడు. వినేవాళ్లు లేకపోతే ఉట్టికి చెప్పేవాడు. తనకన్నీ తెలుసన్న ధీమా, ఇతరులకు ఏమీ తెలియదన్న జాలి రెండూ ఆయన మొహంలో ఉండేవి. నాకు అప్పట్లో ఆయనంటే ఒళ్లుమంట. అవ్వకు మాత్రం మరిది అంటే ప్రాణం. ఆ ఇంట్లో ఆమెతో కూర్చుని మాట్లాడే మగమనిషి ఆయన ఒక్కడే, ఆ మాట్లాడేది శనిగ్రహం గురించి అయినా సరే.

ఒకసారి బడి అల్మారాలో తుప్పుపట్టిన టెలిస్కోపు సంకన పెట్టుకుని వచ్చాడు. దానికి బాపు కెమెరాను అట్టగొట్టంతో తగిలించి, చీకటి పడుతుండగా మా మిద్దె మీద నిండు చందమామను ఫోటో తీశాడు. రోల్ తానే కడిగి, ఆరబెట్టి, పొద్దున్నే బస్సుకు వెళ్లిపోయాడు. మరుసటి శనివారం వచ్చి చూస్తే ఫోటోలో తళతళ మెరిసే సత్తు పళ్లెం ఉంది. చందమామ ముఖం మీద ఒక్క మచ్చ లేదు. అవ్వ గర్వంగా నిలబడింది. మిగతా నెగెటివ్‌లతో పాటు అదీ బల్ల మీద ఉంటే, ఎంత ఓపిగ్గా పూడ్చిందో, చందమామ మచ్చలన్నీ సాఫ్. చిన్నబాపు నేల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాడు. చందమామకు పెండ్లి కుదిరిందా వదినె అని అడిగాడు. అది పెన్సిలు పని కాబట్టి దూదితో తుడిచేస్తే మచ్చలు మళ్లీ వచ్చాయి. బాపుకు మాత్రం మచ్చలేని చందమామే నచ్చి, ఆ మొదటి ఫోటోనే పెద్దది చేయించి స్టూడియోలో వేలాడదీశాడు. వచ్చినవాళ్లందరూ దాన్ని చూసి ఎంత బాగుందో అనేవాళ్లు. రోజూ తలెత్తితే కనబడే చందమామకు మచ్చలున్నాయని ఒక్కరూ అడగలేదు.

ఆ చలికాలమే చిన్నబాపు గొల్లకావడి మీద పడ్డాడు. దాని కింద వేలాడే చిన్న చుక్కల్లో నడిమిది చుక్క కాదని, అది మబ్బని, అందులో కొత్త చుక్కలు పుడుతున్నాయని ఆయన పాట. పుస్తకంలో నిహారిక అని ఉన్నా పిల్లలకు అర్థం కావాలని మబ్బనే చెప్పేవాడు. చుక్కలు కదులుతుంటాయి కాబట్టి కెమెరా కూడా వాటితో పాటు మెల్లగా కదలాలి. రెండు చెక్కలను తలుపులా బందుతో బిగించి, వాటి నడుమ పొడుగాటి స్క్రూ పెట్టి, దాన్ని చేత్తో తిప్పితే పై చెక్క లేస్తుంది. దాని మీద కెమెరా. అత్తగారి ఊరు వీర్నపల్లిలో అమావాస్య నాడు, అన్నాల వేళకు, పల్లిచేను గట్టు మీద పెట్టి ఫోటో తీశానని మాకు చెప్పాడు. పక్కన ఆయన భార్య, మా చిన్నమ్మ, దుప్పటి కప్పుకుని కూర్చుందట. స్క్రూ ఎట్లా తిప్పాడో, చేయి వణక్కుండా ఎట్లా నిలబెట్టాడో గంటసేపు చేసి చూపించాడు. ఆ రోల్‌ను మా చీకటి గదిలో తానే కడిగి, తడి నెగెటివ్‌ను దీపానికి ఎత్తి పట్టి, దొరికింది దొరికింది అని పిల్లాడిలా గంతులు వేశాడట. అవ్వ ఊళ్లో ఎవరింటికో పేరంటానికి వెళ్లింది, నేను కాలేజీలో ఉన్నాను. చూసింది బాపు ఒక్కడే. ఏం కనబడిందంటే ఆవగింజంత మసక అన్నాడు విసుగ్గా. దాన్ని పెద్దది చేసి, ఫ్రేము కట్టి, సైన్సు ప్రదర్శనకు అందేట్టు బస్సులో పంపమని చెప్పి చిన్నబాపు వెళ్లిపోయాడు.

బడిలో నెలరోజులుగా ఆయన అదే దండోరా వేశాడు. మన సిరిసిల్లలో మొదటిసారి ఆకాశంలో మబ్బును పట్టానని పిల్లలకు చెప్పాడు, పిల్లలు ఇళ్లల్లో చెప్పారు, మగ్గాల షెడ్లలో కూడా అదే ముచ్చట. ప్రదర్శన నాటి పొద్దున పార్శిల్ చేరింది. వచ్చిన పెద్ద అధికారి ముందు, హెడ్మాస్టరు ముందు, ఊరి పెద్దల ముందు, తానే దారం తెంపి కాగితం విప్పాడట. గొల్లకావడి ఉంది. చుక్కలు మెరుస్తున్నాయి. కింద నల్లటి ఆకాశం, కాటుకలా నున్నగా. మబ్బు లేదు. చిన్నబాపు వేలుపెట్టి వెతికాడు. ఇక్కడే ఉండాలి, ఇక్కడే ఉంది, చూసిన అంటూ ఫ్రేము అద్దం మీద వేలు తిప్పుతూనే ఉన్నాడట. అధికారి నవ్వి, మబ్బేది సారూ, గాలికి కొట్టుకపోయిందా అన్నాడు. ఆ గదిలో లేచిన నవ్వు ఆయన వెనక నలభై ఏళ్లకు పైగా నడిచింది. ఆ మరునాటి నుంచి ఆయన మబ్బు సార్.

ఆ సంగతి మాకు సిరిసిల్ల నుంచి వచ్చిన చుట్టం ద్వారా తెలిసింది. అన్నాల ముందు కూర్చున్నాం. చుట్టం నవ్వుతూ చెబుతున్నాడు, బాపు కూడా నవ్వుతున్నాడు. అవ్వ చేతిలో గరిటె ఆగింది. చుట్టం వెళ్లిపోయాక ఆమె మెల్లగా, "గా నల్లటి మరక నేనే గీకిన. ఫిల్ముకు పట్టిన బూజు అనుకున్న" అంది. బాపు సాఫ్ జెయ్యి అని కేక వేసి బల్ల మీద పెట్టిన వాటిలో అదీ ఉంది. చందమామ విషయంలో నవ్వుకున్నాం కదా, ఈసారి ఆకాశమే కాబట్టి ఆమె చుక్కల జోలికి పోలేదు. ఒక్క మరక కనబడితే, గుచ్చి గుచ్చి, జాడ తెలియకుండా తీసేసింది. ఆమె చేసినవాటిలో అంత నున్నటి పని మరొకటి లేదేమో. రేపే బస్సెక్కి మరిదికి చెప్పి వస్తానంది. బాపు కంచం పక్కకు జరిపి, "సాఫ్ చేస్తమని నువ్వే ఊరంత చాటుతవా. రేపటి నుంచి పెండ్లి సూపులోళ్లు మన గడప ఎక్కుతరా. వానికేం, నాలుగొద్దులు నవ్వుతరు, ఊకుంటరు" అన్నాడు. నెగెటివ్ పాడైందని తమ్ముడికి కబురు పంపాడు. మంచి స్టూడియో, మంచి పేరు, మంచి కుటుంబం. నాకు తెలిసి ఆ ఊళ్లో అందరికన్నా మచ్చలున్న ముఖం బాపుదే. దాన్ని ఏ బ్లేడూ గీకలేదు.

నాలుగు రోజులు కాదు, ఊరు ఎన్నడూ ఊరుకోలేదు. బాపు పోయిన తర్వాత నేనైనా చెబుతానంటే అవ్వ కసిరింది. తన పని తాను చూసుకుంటానని, నడుమ రావద్దని అంది. ఆమె చెప్పిందో లేదో నాకు తెలియదు. చిన్నబాపు మళ్లీ ఫోటో తీయలేదు. తీస్తే మాత్రం ఎవరు నమ్ముతారు, అన్నకు స్టూడియో ఉంది కాబట్టి గీయించాడంటారని ఒకసారి అన్నాడు. మనిషిలోని వాగుడు ఎండిపోలేదు కానీ, ఆకాశం వైపు మాత్రం రాలేదు. పప్పుల ధరలూ బస్సు టైములూ మాట్లాడేవాడు. ఆ వాగుడుకు చిరాకుపడ్డ నేనే, శని చుట్టూ పళ్లెం గురించి ఆయన నోట మళ్లీ వినాలని ఎదురుచూసిన రోజులున్నాయి.

ప్రదర్శన తర్వాతి ఆదివారం వంశీని కారు తీయమన్నాను. ప్రదర్శనలోని ఆ చివరి బొమ్మను వెనక సీట్లో పెట్టించాను. తమ్ముడు రానన్నాడు. వేములవాడ మీదుగా సిరిసిల్లకు పోతూ దారిలో వాడికి ఈ కథంతా చెప్పాను. వాడు నిజంగా విన్నాడు. ఫోన్ రెండుసార్లు మోగినా తీయలేదు, ఆ మాత్రం మెచ్చుకోవాలి. చిన్నబాపు గోడకు ఆనుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. వెనక సందులో ఒకటో రెండో మగ్గాలు ఆడుతున్నాయి. ఒకప్పుడు ఆ ఇంట్లో గొంతెత్తితే గానీ మాట వినబడేది కాదు. ఫ్రేము చేతికిస్తే అద్దాలు ఎత్తి, దింపి, దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. వంశీ డబ్బా గురించి చెబుతుంటే తలాడించాడు. నేనింక ఆగలేక, అవ్వే గీకిందనీ, బాపు నోరు మూయించాడనీ, మీ ఫోటోలో మబ్బు ఉండిందనీ ఒక్క గుక్కలో చెప్పేశాను.

ఆయన ఆశ్చర్యపోలేదు. "ఎరుకే బిడ్డా. వదినె గా వారమే అచ్చి చెప్పింది. వేములాడ రాజన్న మొక్కు అని మీ బాపుకు చెప్పి బస్సెక్కి, గుడికి పోకుండ సక్కగ ఇక్కడికి అచ్చింది. గా గడప మీద కూసోని ఏడ్సింది" అన్నాడు.

మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతు పెద్దదైంది. ఆయన ఫ్రేమును ఒళ్లో సర్దుకున్నాడు. "చెప్తె ఆమెను మీ బాపు బతుకనిస్తుండెనా. నన్ను మబ్బు అంటె నాకేం పోయింది. పాఠం చెప్పుడు ఆగిందా."

వంశీ వెంటనే ఫోన్ తీశాడు. తాతా, నేను రాస్తాను, మీ ఫోటో గురించి ఇప్పుడే పెడతాను, వేలమంది చూస్తారు అన్నాడు. చిన్నబాపు చేయి అడ్డం పెట్టాడు. పోయిన మనిషికి ఇప్పుడు కొత్త పేరెందుకు, తనకున్న పేరు తనకు అలవాటైంది అన్నాడు. ఇంతకాలం ఈ మనిషిని వాగుడుకాయ అనుకున్నాను. నోట్లో ఆవగింజ నానదనుకున్న ఆ నోరు ఈ ఒక్క మాటను ఇన్నేళ్లు దాచింది. నాకు ఏడుపు వచ్చింది, అది దాచుకోవడానికి గ్లాసులో నీళ్లు తాగాను.

అప్పుడు చిన్నమ్మ వంటింటి గుమ్మంలోంచి వచ్చింది. చాయ్ గ్లాసులు కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని ఆయనకెదురుగా నిలబడింది. ఆమె ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆయన మాట్లాడుతుంటే ఎవరికీ సందు దొరికేది కాదు.

"నీకేం పోలేదు, నిజమే. మీ వదినె పేరు కాపాడినవ్, మంచిగనే చేసినవ్. నన్ను బాయి కాడ, బజార్ల, పెండ్లిళ్లల్ల మబ్బు సార్ పెండ్లామన్నరు. నా పేరు ఎవరు కాపాడిండ్రు?"

చిన్నబాపు ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు. నా వైపు తిరిగింది.

"ఈ పోరడు ఫోన్ల రాస్తె రేపటికి ఎవలకు యాదికుంటది. నువ్వు పుస్తకాలు రాస్తవు గద, నువ్వు రాయి బిడ్డా. మీ అవ్వ గీకిందని రాయి. ఆమెదేం తప్పులేదు, మరక తియ్యమంటె తీసింది. తియ్యమన్నదెవరో గది సుత రాయి. ఈయన మంచోడని రాస్తవేమో, రాసుకో. గని గా స్క్రూ తిప్పింది ఈయన గాదు, నేను."

"జెర్రసేపు తిప్పింది" అని గొణిగాడు చిన్నబాపు.

జెర్రసేపా అని ఆమె నవ్వింది. ఆ చలిలో ఆయన కుదురుగా కూర్చుంటే గదా. మాటిమాటికీ లేచి, మబ్బు కదులుతుందేమో, ఎవరైనా లాంతరు పట్టుకుని వస్తున్నారేమో అని గట్టు వెంట తిరిగాడట. ఫోటో తీసినంతసేపూ గడ్డిలో మోకాళ్ల మీద వంగి స్క్రూ తిప్పింది ఆమె. మాకు ఆ కథ చెప్పిన ప్రతిసారీ ఆమెను దుప్పటి కప్పి పక్కన కూర్చోబెట్టాడు ఈ మంచిమనిషి. ఇప్పుడు ఫ్రేము వెనక ముఖం దాచుకున్నాడు.

"మబ్బు ఉన్నదా లేదా అని ఇన్నేండ్ల సంది అందరు ఈయన్నే అడిగిండ్రు" అంది చిన్నమ్మ. "బడి సార్లు అడిగిండ్రు, ఊరోళ్లు అడిగిండ్రు, మా అన్నలు అడిగిండ్రు. పక్కన నేను సుత ఉంటి గదా. నన్ను ఒక్కలన్న అడుగలె."

నేను అడిగాను. మబ్బు ఉండెనా చిన్నమ్మా అన్నాను.

ఆమె వంశీ బొమ్మను ఆయన ఒళ్లోంచి తీసుకుని, ఒకసారి చూసి, బోర్లా మంచం మీద పెట్టింది. "ఉండె బిడ్డా. నా కండ్లతోని చూసిన. కడమ చుక్కలన్ని సూదితో గుచ్చినట్టుంటె, గదొక్కటి దూది అంటుకున్నట్టు తెల్లగుండె. గీ రంగులేం లేవు."